రెండేళ్లలో మూడే ఆకులు: బిస్మార్క్, బాటిల్ పామ్ నారు మొక్కల సంగతి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. కడప ఎర్రముక్కపల్లిలో సొంతిల్లు. తూర్పున తొమ్మిది అడుగుల సందు, వెనక పడమటి వైపు ఇరవై రెండు అడుగుల పెరడు. నేలంతా బండలు పరిచి, అక్కడక్కడా మట్టి వదిలారు. రెండేళ్ల కిందట నర్సరీలో నాలుగు బిస్మార్క్ పామ్, రెండు బాటిల్ పామ్ (రెండూ తాటి కుటుంబపు అందం చెట్లే) నారు మొక్కలు కొన్నారు. బిస్మార్క్‌లో ఒకటి చచ్చిపోయింది, మిగిలిన మూడింటికి తలా మూడు ఆకులు. బాటిల్ పామ్‌లో ఒకదాని కింది ఆకు మీద పసుపు మచ్చలు. పక్కింటాయన యూరియా వేయమంటున్నారు, తోట పని చేసే అతను పెద్ద కుండీలోకి మార్చమంటున్నాడు, మీవారు పీకేసి అశోక చెట్లు పెడదామంటున్నారు. అసలు ఇవి బతికే ఉన్నాయా అని మీ టెన్షన్.

యూరియా వద్దు. పీకడం అసలే వద్దు. కుండీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, అక్కడికి వస్తాను.

నాది అనంతపురం. ఓవర్సీర్‌గా పని చేసి రిటైరయ్యాను. 2004లో మొదటి బిస్మార్క్ గింజలు వేశాను. ఇప్పుడు మా పెరట్లో ఈ జాతి చెట్లు చిన్నా పెద్దా పదకొండు ఉన్నాయి. అంతకు రెట్టింపు చంపాను కూడా. కాబట్టి కింద రాసేదాంట్లో సగం నా తప్పుల లెక్కే.

ముందు ఒక విషయం మనసుకు పడితే మీ టెన్షన్ చాలావరకు పోతుంది. వేపచెట్టును చూడండి. వేలంత లావున మొలిచి, పైకి పోతూనే ఏటా కాస్త కాస్త లావెక్కుతుంది. మాను చుట్టూ ఏటా కొత్త చెక్క పొర కడుతుంది కాబట్టి దానికి అది కుదురుతుంది. తాటి, ఈత, కొబ్బరి, మీ బిస్మార్క్, వీటన్నిటికీ ఆ ఏర్పాటు లేదు. ఇవి చెట్లలా కనిపిస్తాయి గానీ వరసకు జొన్నకూ వెదురుకూ దగ్గర. అందుకని మాను ఎంత లావు ఉండాలో అంత లావు మొదలును ముందు నేల మట్టంలోనే తయారు చేసుకుంటాయి. ఆ మొదలు పూర్తయ్యేదాకా పైకి లేవవు. ఈ లోపల వచ్చే ప్రతి ఆకూ ముందు ఆకు కన్నా కొంచెం పెద్దగా, ప్రతి వేరూ కొంచెం లావుగా వస్తుంది. మనకు పైన కనిపించేది మాత్రం ఆ మూడు ఆకులే. (బాటిల్ పామ్ పొట్ట ఉబ్బుతుంది కదా అని మీకు అనుమానం రావచ్చు. అది కొత్త చెక్క కట్టడం కాదు, ఉన్న కణజాలమే ఉబ్బడం.)

నేను ముప్పై ఏళ్లు పునాదులు కొలిచినవాణ్ని. ఇంటాయన వచ్చి 'ఇన్ని లక్షలు పోశాను, గోడ లేవలేదేంది' అని అరిచేది ఎప్పుడూ పునాది దశలోనే. మీ మొక్కలు ఇప్పుడు ఆ దశలో ఉన్నాయి.

బిస్మార్క్‌కు ఇంకో విశేషం ఉంది. తేగలు తిన్నారా ఎప్పుడైనా? తాటి టెంకలను మట్టిలో పాతర వేస్తే, టెంకలోంచి ఒక గొట్టం లాంటిది పైకి రాకుండా నేరుగా కిందికి దిగుతుంది. అదే తేగ. దాన్ని నిలువుగా చీలిస్తే మధ్యలో సన్నటి పుల్ల ఉంటుంది, గోదావరి వైపు దాన్ని చందమామ అంటారు. ఆ పుల్లే తాటి మొక్క మొదటి ఆకు. అంటే మొక్క గింజ దగ్గర పుట్టదు. గింజకు దూరంగా, లోతులో పుట్టి అక్కడి నుంచి పైకి వస్తుంది. ఎండకూ మంటకూ పశువులకూ దొరక్కుండా మొవ్వును, అంటే కొత్త ఆకులు పుట్టే నడి చిగురును, నేలలో దాచుకునే ఉపాయం అది. బిస్మార్క్ కూడా అచ్చంగా ఇదే చేస్తుంది. దాని సొంత ఊరు మడగాస్కర్ దీవి. అక్కడి ఎండు గడ్డి మైదానాలలో, ఏటా మంటలు లేచే చోట బతికే చెట్టు. మన ఎండలు దానికి లెక్క కాదు. దానికి గిట్టనిది వేరు తెగడం.

నా మొదటి తప్పు ఇక్కడే. 2004లో పన్నెండు గింజలు తెచ్చి, టమాటా నారు పోసినట్టు నాలుగంగుళాల లోతు ట్రేలో వేశాను. మూడు నెలలైనా పైన ఏమీ లేదు. కుళ్లిపోయాయేమోనని ట్రే ఎత్తి చూద్దును కదా, అడుగు రంధ్రాల్లోంచి తెల్లటి మొలకలు జానెడు కిందికి దిగి ఉన్నాయి. ఎత్తిన ఊపుకు ఏడు విరిగాయి. మిగిలిన ఐదింటిలో రెండింటిని రోజు మార్చి రోజు వేలితో తవ్వి చూసి నేనే చంపుకున్నాను. మూడు బతికాయి. వాటిలో ఒకదాని మొదటి ఆకును మా పనమ్మాయి గడ్డి అనుకుని పీకేసింది. ఆమెను అనడానికి లేదు, ఈ జాతి మొదటి ఆకు చీలికలు లేకుండా ఒట్టి గడ్డిపరకలాగే ఉంటుంది. విసనకర్రలా విచ్చుకునే ఆకు రావడానికి మా దగ్గర మూడో ఏడు పట్టింది. మీ మొక్కలకు రెండేళ్లకే మూడో ఆకు కొసన చీలిక మొదలైందని రాశారు. నా వాటికన్నా అవి ముందే ఉన్నాయి.

బతికున్నాయో లేదో తేల్చుకోవడానికి తవ్వక్కర్లేదు. మొవ్వులోంచి పొడుచుకు వచ్చే, ఇంకా విచ్చుకోని ఆకు ఉంటుంది, ఈటెలాగా. ఆ ఈటె మీద, దాన్ని ఆనుకుని ఉన్న పాత ఆకు కాడ మీద కలిపి ఒకే గీత మార్కర్ పెన్నుతో గీయండి. పదిహేను రోజులకు చూడండి. ఈటె మీది గీత రెండో గీత కన్నా పైకి జరిగి ఉంటే, గోరంత జరిగినా సరే, మొక్క పని చేస్తోంది. మార్చి నుంచి అక్టోబరు దాకా బాగా జరుగుతుంది, డిసెంబరు, జనవరిలో దాదాపు ఆగిపోతుంది. అప్పుడు కంగారు పడొద్దు. ఎండాకాలంలో కూడా నెల రోజులు గీత కదలకపోతే ఈటెను రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగి చూడండి. గట్టిగా ఉంటే పర్వాలేదు, వేర్ల దగ్గర ఏదో ఇబ్బంది. ఊడి చేతికొచ్చి, అడుగున దుర్వాసన వేస్తే మొవ్వుకుళ్లు. ఈ జాతికి ఒక్కో మానుకు ఒక్కటే మొవ్వు. అది పోతే వేపలాగా పక్క నుంచి ఇగురు రాదు. చచ్చిన మీ నాలుగో మొక్క అలాగే పోయిందని, మొవ్వు నల్లబడి ఊడి వచ్చిందని మీరు రాసినదాన్ని బట్టి అనుకుంటున్నాను. రోజూ పైపుతో నెత్తిన నీళ్లు కొట్టారు, మొవ్వులోకి మట్టి నీళ్లు చేరాయి. మిగిలినవాటికి నీళ్లు పాదులోకే పోయండి. ఇప్పటికిప్పుడు కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు మూడు గ్రాములు కలిపి ఒక్కసారి మొవ్వు తడిచేలా పోయండి. వానలు పట్టినప్పుడు మళ్లీ ఒకసారి. అంతకు మించి వద్దు.

ఇక కుండీ. తోట పని అతను చెప్పింది సగం నిజం. మొక్క ఉన్న నర్సరీ కవరు మార్చాల్సిందే, కానీ కావాల్సింది వెడల్పు కాదు, లోతు. అందంగా ఉంటాయని అమ్మే వెడల్పాటి కుండీలో వేర్లు రెండు నెలల్లో అడుగు తాకి చుట్టలు చుట్టుకుంటాయి. నేను చేసేది చెప్తాను. ఇళ్ల కట్టుబడి దగ్గర మిగిలే ఆరంగుళాల పీవీసీ పైపును అడుగున్నర ముక్కలుగా కోయిస్తాను. ఒక్కో ముక్కను నిలువునా ఒక పక్క చీల్చి, బైండింగ్ వైరుతో రెండు చోట్ల కట్టేస్తాను. కింద దోమతెర ముక్క. లోపల మూడు పాళ్లు ఎర్రమన్ను, రెండు పాళ్లు గరుకు ఇసుక, ఒక పాలు బాగా మాగిన ఎరువు. నేలలో నాటే రోజు వైరు విప్పితే పైపు తెరుచుకుంటుంది, మట్టి ముద్ద చెదరదు, ఒక్క వేరూ తెగదు. ఉద్యోగంలో నేర్చుకున్న పనికొచ్చే విద్య ఇదొక్కటే అని మా ఆవిడ అంటుంది.

కానీ మీ మొక్కలకు రెండేళ్లు నిండాయి కాబట్టి నేనైతే ఇంకో కుండీ పెట్టను, నేరుగా నేలలోకే దించుతాను. కుండీ మార్చిన ప్రతిసారీ వేరుకు దెబ్బ. కొబ్బరి వేర్లు తెగితే దాదాపు సగం పక్క నుంచి మళ్లీ పుడతాయి, అందుకే పెద్ద కొబ్బరిచెట్లను కూడా తవ్వి లారీలో తెచ్చి నాటుతున్నారు. అన్ని జాతులూ అలా ఉండవు. సేబల్ అనే ఇంకో పామ్ లాంటివాటిలో తెగిన వేరు తెగినట్టే పోతుంది, మొదలు నుంచి మళ్లీ కొత్త వేర్లు పుట్టాలి. బిస్మార్క్ కూడా ఈ విషయంలో మహా మొండిది. ఆరేళ్ల చెట్టును గోడ కట్టడం కోసం మూడు గజాలు పక్కకు జరిపాను. ఎనిమిది నెలలు పచ్చగా నిలబడింది, పదో నెలలో పోయింది. అందుకే పెద్ద మొక్క కొంటే త్వరగా అందం వస్తుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఈ జాతిలో చిన్నప్పుడు నాటినదే కొన్నేళ్లకు పెద్దదాన్ని దాటిపోతుంది.

చోటు విషయంలో మాత్రం మీకు చేదు మాట చెప్పాలి. తూర్పు సందు తొమ్మిది అడుగులన్నారు. బిస్మార్క్ నడిప్రాయంలో ఒక్కో ఆకు కాడతో కలిపి ఆరేడు అడుగులు పోతుంది, చెట్టు పందిరి పదిహేను అడుగులకు తగ్గదు. మాను లేచేదాకా ఆ ఆకులన్నీ మనిషి ఎత్తులోనే ఉంటాయి. సందులో పెడితే కిటికీ తెరవలేరు, గ్యాసు సిలిండరు పోదు. మూడింటిలో ఒక్కటే ఉంచుకోండి, వెనక పెరడు మధ్యలో, ప్రతి గోడకూ కనీసం పది అడుగులు వదిలి. మిగిలిన రెండూ పొలం ఉన్న చుట్టాలకో, బడికో ఇచ్చేయండి. దీంట్లో మగ చెట్టు, ఆడ చెట్టు వేరు. పూత వచ్చేదాకా ఏదో తెలియదు, ఇంటి అందానికి రెండూ ఒకటే కాబట్టి అది పట్టించుకోవద్దు.

తూర్పు సందుకు మీ దగ్గరున్న బాటిల్ పామ్‌లే సరైనవి. మామూలుగా పదీ పన్నెండు అడుగులకు మించి లేవవు, తల మీద ఒక్కసారికి నాలుగు నుంచి ఆరు ఆకులే ఉంటాయి, రాలే ఆకు దానంతట అదే ఊడిపోతుంది. దీని పుట్టిల్లు మారిషస్ పక్కన ఉన్న రౌండ్ ఐలాండ్ అనే చిన్న దీవి. అక్కడ సహజంగా పెరిగిన చెట్లు ఒకప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంతకు వచ్చాయి గానీ, ప్రపంచంలో సగం ఊళ్ల ఇంటి ముందర ఇదే. పొద్దుటి ఎండ, మధ్యాహ్నం గోడ నీడ దొరికే మీ తూర్పు సందు చిన్న వయసులో దానికి బాగా నప్పుతుంది. పొట్ట కనిపించడానికి మా దగ్గర ఐదో ఏడు వచ్చింది.

నాటడానికి జులై, ఆగస్టు మంచివి. మన వైపు వానలు సెప్టెంబరు, అక్టోబరులోనే ఎక్కువ అని చాలామంది అప్పటిదాకా ఆగుతారు. నా లెక్క వేరు. ఈ వేర్లు నేల వెచ్చగా ఉన్నప్పుడే పరుగెడతాయి. జులైలో నాటితే చలి వచ్చేలోపు నాలుగు నెలల వెచ్చటి నేల దొరుకుతుంది, మధ్యలో వానలూ అందుతాయి. రోహిణి కార్తె ఎండల్లో మాత్రం వద్దు.

గుంత రెండున్నర అడుగుల చదరం, అంతే లోతు. అనంతపురంలో నాకు అడుగున్నర కింద గరుసు, దాని కింద సుద్ద తగులుతుంది. మీ దగ్గర నాపరాయి పొరలు తగలొచ్చు. గడ్డపారతో ఆ పొరను ఒక్క చోటైనా పగలగొట్టించండి. తర్వాత గుంత నిండా నీళ్లు పోసి మర్నాడు పొద్దున చూడండి. ఇంకిపోతే మంచిది. నీళ్లు నిలిచి ఉంటే అది గుంత కాదు, తొట్టి. అందులో ఏ పామ్ మొక్కా బతకదు. అలాంటప్పుడు లోతు తవ్వడం మానేసి, చుట్టూ రాళ్లు పేర్చి అడుగు ఎత్తు దిబ్బ కట్టి దాని మీద నాటండి.

పూడ్చేటప్పుడు మనవాళ్లు చేసే పెద్ద తప్పు, గుంతను సగం పేడ ఎరువుతో నింపడం. ఎరువు మాగి కుంగుతుంది, దాంతోపాటు మొక్కా కుంగుతుంది. రెండు వానలకు మట్టి మొవ్వు దాకా వచ్చేస్తుంది. ఈ జాతి మొక్కను కవరులో ఏ మట్టానికి ఉందో ఆ మట్టానికే నాటాలి, ఒక్క అంగుళం కూడా లోతు పోకూడదు. గాలి ఆడక వేర్లు ఇనుము తీసుకోలేవు, కొత్త ఆకులు తెల్లగా వస్తాయి. అది చూసి మనం ఇంకో మందు వేస్తాం. తవ్విన మట్టిలోనే నాలుగో వంతు ఇసుక, ఒక బొచ్చె మాగిన ఎరువు, రెండు పిడికిళ్ల వేపపిండి కలిపి పూడిస్తే చాలు. పచ్చి పేడ అసలే వద్దు. కొమ్ము పురుగు పిల్లలు పెరిగేది పేడదిబ్బలోనే. పెద్ద పురుగు అక్కడి నుంచి లేచి వచ్చి మొవ్వును తొలుస్తుంది. ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కోసినట్టు మూడు కోణాల కోతలు కనిపిస్తే అది వచ్చి వెళ్లినట్టే. చెట్టు కాస్త పెద్దదై మట్టల మధ్య సందు వచ్చాక, లోపలి మూడు మట్టల మొదళ్లలో తలా ఒక కలరా ఉండ పెట్టి పైన ఇసుక పోస్తాను, నెలన్నరకు ఒకసారి. మీకు అది ఇంకా రెండు మూడేళ్ల తర్వాతి మాట.

నేల మీద ఆచ్ఛాదనకు మా వైపు చెనక్కాయ పొట్టు దండిగా దొరుకుతుంది, మీకూ దొరుకుతుంది. వేడిని బాగా ఆపుతుంది. కానీ చెదలకు అది పెళ్లి భోజనం. మొదలుకు జానెడు దూరం వదిలి వేయండి, వానాకాలంలో తీసేయండి. ఇంకో మాట, మీ పెరట్లో పరిచిన బండలు. మే నెల మధ్యాహ్నం వాటి మీద చెప్పుల్లేకుండా నిలబడి చూడండి. చిన్న మొక్క ఆకులు కింది నుంచి మాడేది ఆ సెగకే, పైనున్న సూర్యుడికి కాదు. మొక్క చుట్టూ కనీసం మూడడుగుల మేర బండలు తీయించండి. నల్ల కవరులో ఉన్నన్నాళ్లూ పడమటి ఎండ కవరు పక్కకు తగలకుండా గోనెపట్టా చుట్టండి, లేకపోతే వేర్లు ఉడుకుతాయి.

మొక్కలు అలవాటుపడే విషయం కూడా ఇక్కడే చెప్పాలి. మన ఊళ్లకు వచ్చే పామ్ మొక్కలు చాలావరకు తూర్పు గోదావరి కడియం వైపు నుంచి లారీల్లో వస్తాయి. గోదావరి ఒండ్రు మట్టి, తేమ గాలి, నీడ నెట్టు కింద పెరిగినవి. వాటిని దించిన రోజే కడప ఎండలో నిలబెడితే ఆకు మాడకుండా ఎలా ఉంటుంది? తప్పు పెంచినవాళ్లది కాదు. నెల రోజులు సగం నీడ నెట్టు కింద ఉంచి, తర్వాత రెండు గంటల పొద్దుటి ఎండ, వారం వారం కాస్త పెంచుకుంటూ పోవాలి. పాత ఆకు ఎండకు అలవాటుపడదు, ఎండలో పుట్టిన కొత్త ఆకే తట్టుకుంటుంది. కాబట్టి నీడలో పెరిగిన ఆకులు కొన్ని మాడినా బెంగ వద్దు.

నీళ్లు. నాటాక మొదటి రెండు నెలలు మూడు రోజులకోసారి, తర్వాత వారానికోసారి, కానీ పోసినప్పుడు అడుగు లోతు దాకా తడవాలి. రోజూ చెంబెడు పోయడం కన్నా వారానికి రెండు బిందెలు మేలు. మీ బోరు నీళ్లకు బకెట్టు అంచున తెల్లటి పొర కడుతుందని రాశారు. మా నీళ్లూ అంతే. ఆ సున్నం, ఉప్పు కుండీ మట్టిలో పేరుకుని ఆకు కొసలు మాడుస్తాయి. నెలకోసారి కుండీ అడుగు నుంచి ధారగా కారిపోయేదాకా ఎక్కువ నీళ్లు పోసి ఆ ఉప్పును కడిగేయాలి. డాబా మీది వాన నీళ్లు ఒక డ్రమ్ము పట్టుకోగలిగితే నారు మొక్కలకు అవే పోయండి.

ఇప్పుడు మీ పసుపు మచ్చల బాటిల్ పామ్. దీని మీద ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే తప్పు మందు వేస్తారు. మొదట చూడాల్సింది మచ్చ రంగు కాదు, ఏ ఆకు మీద ఉందో. పొటాష్, మెగ్నీషియం తక్కువైతే చెట్టు పాత ఆకుల్లోంచి వాటిని లాక్కుని కొత్త ఆకుకు ఇస్తుంది. అందుకని రోగం కింది ఆకుల మీద కనిపిస్తుంది. ఇనుము, మాంగనీసు అలా జరగవు, వాటి లోటు కొత్త ఆకులో బయటపడుతుంది. మీది కింది ఆకే. ఆకును వెలుతురుకు అడ్డం పెట్టి చూడండి. నారింజ, పసుపు చుక్కలు అద్దంలా వెలుతురు పోనిస్తూ, ఆకు కొస ఎండినట్టుంటే పొటాష్ లోటు. అలా కాకుండా ఆకు అంచుల వెంబడి వెడల్పుగా నిమ్మపండు రంగు పట్టీ, నడుమ మాత్రం ఆకుపచ్చ ఉంటే మెగ్నీషియం. కొత్త ఆకు ముడతలు పడి, మంటకు కమిలినట్టు చిన్నగా వస్తే మాంగనీసు, మన సున్నపు నేలల్లో ఇది వస్తుంది. కొత్త ఆకు మొత్తం పాలిపోయి వస్తే ఇనుము, అప్పుడు మందు కన్నా ముందు మొక్క లోతుగా పోయిందేమో, నీళ్లు నిలుస్తున్నాయేమో చూడాలి. మీరు చెప్పిన చుక్కలను బట్టి మీది పొటాషే. బాటిల్ పామ్‌కు ఈ లోటు త్వరగా వస్తుంది.

ఈ స్థితిలో యూరియా వేస్తే ఏమవుతుంది? నత్రజని అంది కొత్త ఆకు పరుగుతో వస్తుంది, దానికి పొటాష్ కావాలి, నేలలో లేదు, పాత ఆకులను ఇంకా పీలుస్తుంది. నెల రోజులు 'అబ్బ, పెరిగింది' అనిపించి, తర్వాత ఒక్కో ఆకూ పోతుంది. మా బావమరిది ప్రేమగా ఒక గుప్పెడు వేశాడు ఒకసారి. కవరులో ఉన్న మొక్క కాబట్టి నెల కూడా పట్టలేదు, వారంలోనే వేర్లు మాడిపోయాయి.

మచ్చలున్న ఆకును అందం కోసం కోయొద్దు. ఆ ఆకు ఇప్పుడు ఆ చెట్టుకు పొటాష్ గోదాము. కోస్తే దాని పైఆకును తినడం మొదలుపెడుతుంది. పూర్తిగా గోధుమ రంగుకు ఎండాకే తీయండి. నేను వేసేది ఇది: నేలలో నాటి మూడు నెలలు దాటిన చిన్న మొక్కకు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ ముప్పై గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ పదిహేను గ్రాములు, రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు. మొదలుకు అడుగు దూరంలో చల్లి, పైపైన కలియబెట్టి నీళ్లు పెడతాను. మూడు నెలలకోసారి, చలికాలం మానేస్తాను. ఎర్రగా ఉండే మ్యూరేట్ పొటాష్ చవకే గానీ దాంట్లో క్లోరైడు ఉంటుంది, ఇప్పటికే ఉప్పు నీళ్లు పోసే మన మొక్కలకు నేను వాడను. ఒట్టి పొటాష్ వేసి మెగ్నీషియం మరిచిపోతే ఆ రెండో లోటు తెచ్చుకున్నట్టు. కవరులో ఉన్నవాటికి ఇందులో ఐదో వంతు చాలు. మచ్చ పడిన ఆకు మళ్లీ పచ్చబడదు. ఆ తర్వాత వచ్చే ఆకులు ఎక్కువ కాలం శుభ్రంగా నిలుస్తున్నాయా లేదా అని చూసుకోవాలి. అది తేలడానికి ఏడాది పైనే పడుతుంది.

ఈ మధ్య కొబ్బరికి పట్టినట్టే పామ్ ఆకుల అడుగున చుట్టలు చుట్టలుగా తెల్లదోమ కనిపిస్తోంది, పైన మసి కడుతుంది. రసాయనం జోలికి పోకుండా ఆకు అడుగున నీళ్ల ధార కొట్టండి, మొవ్వులోకి పోకుండా. తగ్గకపోతే లీటరుకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు.

చచ్చిన నాలుగోదానికి బదులు గింజ వేసి చూడాలని ఉందని అడిగారు. వేయండి, మన వేడికి గింజ మొలవడం తేలికే. ముప్పై, ముప్పై అయిదు డిగ్రీలు దానికి ఇష్టం. గింజ తాజాగా ఉండాలి, ఎండిపోయి గలగలలాడేది వద్దు. పైగుజ్జు పూర్తిగా గీకి, రెండు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టండి. గుజ్జు తీసేటప్పుడు చేతికి కవరు తొడుక్కోండి, జీలుగ లాంటి కొన్ని పామ్ కాయల గుజ్జు ఒంటికి తగిలితే దురద చంపేస్తుంది. పిండితే చుక్క రాని తడిలో ఉన్న కొబ్బరి పొట్టులో కలిపి జిప్ కవరులో మూసి అటక మీద పెట్టండి. రెండు నెలలకు రావచ్చు, ఆరు నెలలకూ రావచ్చు. తెల్లటి మొలక అంగుళం కనిపించగానే, ఆలస్యం లేకుండా, అడుగున్నర పైపులోకి. గింజను మొక్క నుంచి విడదీయొద్దు, ఏడాది దాకా దాని తిండి అందులోనే ఉంది. ఆ ఏడాది ఏ ఎరువూ వేయొద్దు.

ఇంకో చిన్న మాట, మీరు పంపిన మొక్కల పట్టీలో 'సాగో పామ్' అని రాశారు. అది సైకస్. పామ్ కాదు, ఆ కుటుంబమే వేరు. దాని గింజలు విషం. ఇంట్లో కుక్క ఉందన్నారు కాబట్టి చెప్తున్నాను. దాన్ని మేడ మీద పెట్టండి.

అశోక చెట్ల విషయంలో మీవారితో వాదన వద్దు. దక్షిణం గోడ వెంట రెండు పెట్టుకోమనండి, బాటిల్ పామ్‌లకు ఎనిమిది అడుగుల దూరంలో. ఈ ఆదివారం పెరడు మధ్యలో ఒక గుంత, తూర్పు సందులో రెండు గుంతలు తవ్వించండి. బిందెలతో నింపి, నీళ్లు ఎన్ని గంటలకు ఇంకాయో మూడింటికీ విడివిడిగా రాసి పెట్టండి. అడుగున తగిలిన రాయి ముక్క ఒకటి, కవరు అడుగు రంధ్రాల దగ్గర వేర్లు బయటికి వచ్చాయో లేదో కనిపించేలా ఒక ఫోటో పంపండి. వేర్లు బయటికి వచ్చి ఉంటే కవరు లాగొద్దు, బ్లేడుతో అడుగు కోసి అలాగే దించాలి. అది ఎలాగో ఫోటో చూశాక చెప్తాను.